గోరి బుట్ట

పొద్దున్నే జల్లెడ దగ్గర మొదలైంది గొడవ.

రొట్టెలకు జొన్నపిండి జల్లించుకుందామని సక్రి గోడ వైపు చూసింది. మేకు ఉంది, మేకుకు జల్లెడ లేదు. ఇల్లంతా వెతికి, చివరికి పెరట్లో దానిమ్మచెట్టు కింద బోర్లించి ఉన్నదాన్ని పట్టుకొచ్చి కోడలి ముందు పడేసింది. దాని కన్నాల నిండా ఎర్రమన్ను.

"ఇది పిండి జల్లెడనా, మన్ను జల్లెడనా? ఏంది ద్వాలీ ఇది?"

"కడిగి పెడదామనుకున్న అత్తా. మర్చిపోయిన."

"మన్ను జల్లించేదానికి నా జల్లెడే దొరికిందా? మీ బడికి సర్కారోళ్లు జల్లెడ ఇయ్యలేదా?"

"మా బడి సర్కారుది గాదని నీకెన్నిసార్లు చెప్పాలె?"

"ఎవలదైతే నాకేంది? రొట్టెల ఇసుక తగిలితె నీ మొగుడు నన్నంటడు. నిన్ననడు."

ఆ మొగుడు, రాందాస్, కరెంటాఫీసులో లైన్‌మన్. చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. "పొద్దుపొద్దున్నే ఏంది మీ లొల్లి? కడిగేస్తే అయిపాయె గదా. ఎంతసేపు పని?"

"ఎంతసేపు పని గాకపోతె నువ్వే కడుగు," అంది ద్వాలి.

"నాకు డ్యూటీ ఉన్నది."

"నేనేమన్న జాతరకు పోతున్ననా?"

ఇంకో రెండు మాటలు పెరిగేవే. కాని గడపలో కూర్చున్న గోరి చేయి నోటి దగ్గరికి వెళ్లడం ముగ్గురూ ఒకేసారి చూశారు. ముగ్గురూ నోరు మూసుకున్నారు. గోరి రాందాస్‌కు ఆఖరి చెల్లెలు, పద్నాలుగేళ్ల పిల్ల. మాటలు చాలా తక్కువ. నీళ్లు, అమ్మను పిలిచే యాడీ, వద్దు, ఇలాంటివి కొన్ని. చుట్టుపక్కల గొంతులు లేస్తే మణికట్టు కొరుక్కుంటుంది. మొదలుపెట్టిందంటే రక్తం వచ్చినా ఆపదు. ఆ మణికట్టు చర్మం గట్టిపడి చెప్పు అట్టలాగా అయిపోయింది.

సక్రి గొణుక్కుంటూ పాత చీరముక్కలో పిండి వడగట్టుకుంది. ద్వాలి జల్లెడను బోరింగు దగ్గరికి తీసుకుపోయింది.

*

ఇల్లందు బస్టాండు వెనక రేకుల షెడ్డులో నడిచే ఆ బడికి బోర్డు మీద పెద్ద పేరే ఉంది. ఊళ్లో ఆ పేరు ఎవరూ పలకరు. పిచ్చిబడి అంటారు. కిళ్లీకొట్టులో అదే మాట, బస్సులో అదే మాట. "పిచ్చిబడి కాడ దిగేటోళ్లు ముందుకు రావాలె!" అని కండక్టరు కేకేసినప్పుడల్లా ద్వాలికి ఒళ్లు మండేది. మొదట్లో పోట్లాడేది. తర్వాత ఒక స్టాపు ముందే దిగి నడవడం మొదలుపెట్టింది. అట్లా దిగుతున్నందుకు తన మీద తనకు ఇంకాస్త మంట.

ఆమె ఖమ్మంలో డిగ్రీ చదివింది. పెళ్లై ఈ లంబాడీ తాండాకు వచ్చిన తొలిరోజే, లోపలి గదిలో ఒక చిన్నపిల్లను మంచం కోడుకు చీరముక్కతో కట్టేసి ఉండటం చూసింది. "చేనుకు పోయినప్పుడు కట్టేస్తం. లేకపోతే బాయి కాడికి పోతది," అని సక్రి చెప్పింది, ఏ దాపరికమూ లేకుండా, మేకను కట్టేస్తామన్నంత మామూలుగా. మొగుడు చచ్చిపోయి, రెక్కాడితేగాని గడవని ఇల్లు. ఆమెను తిట్టడానికి ద్వాలికి నోరు రాలేదు. ఆ ముడి మాత్రం కళ్లముందు నుంచి పోలేదు. పెళ్లైన రెండో ఏడే అందరితో కొట్లాడి సికింద్రాబాద్ వెళ్లి, ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే ట్రైనింగు చేసి వచ్చింది. వచ్చి ఈ షెడ్డులో చేరి, ఆ పిల్లను, గోరిని, కూడా వెంట తీసుకుపోవడం మొదలుపెట్టింది. ఆమెతో పాటు ఇంకో సారు, పగిడయ్య. గుండాల వైపు కోయగూడెం మనిషి, ద్వాలి కన్నా చిన్నవాడు, ఆమెను అక్కా అంటాడు.

ఎండాకాలం ఆ రేకులు కాలేవి. వానాకాలం ఆ రేకులు మోగేవి. వాన పడిందంటే లోపల పిల్లలందరూ చెవులు మూసుకుని ఒకరిని మించి ఒకరు అరుస్తారు. గోపాలు అనే పిల్లవాడు తల గోడకేసి కొట్టుకునేవాడు. ఒకరోజు అలా వాన మోగుతుంటే పగిడయ్య విసుగెత్తి, "అక్కా, ఇంతకన్న తడిసుడే నయం, బయటికి పోదాం పా," అన్నాడు. పోయారు. ఊరి చివర అడవి మొదలయ్యే దగ్గర టేకుచెట్ల కింద నిలబడ్డారు. అదే వాన ఆకుల మీద పడుతుంటే గోపాలు చెవుల మీద నుంచి చేతులు తీసి పైకి చూశాడు. గోరి కింద కూర్చుని తడిమట్టిలో వేళ్లు పెట్టి, బడిలో ఎన్నడూ లేనంత కుదురుగా, ఒక్క పనే చేస్తూ ఉండిపోయింది.

ఆ రోజు నుంచి వాళ్ల బడి సగం అడవిలోనే. పుల్లలు ఏరడం, ఇప్పపువ్వు ఏరడం, వాగులో ఇసుక తవ్వి చెలమ తీయడం. ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఏ పనీ ముక్కగా నేర్పకూడదు. పుల్ల ఏరితే, ఆ పుల్లతోనే పొయ్యి వెలగాలి, ఆ పొయ్యి మీద గంజి కాగాలి, ఆ గంజి ఏరినవాళ్లే తాగాలి. మొదలుపెట్టిన పనిని పిల్ల చేత్తోనే చివరిదాకా పోనివ్వాలి. మధ్యలో పెద్దవాళ్లు చేయి పెట్టకూడదు. ఎంత ఆలస్యమైనా సరే, ఎంత ఒలికిపోయినా సరే.

*

శ్రావణం దగ్గరపడింది. తాండాలో తీజ్ పండుగ పెళ్లికాని ఆడపిల్లలది. అడవి నుంచి దుస్సేరు తీగ తెచ్చి బుట్టలల్లుతారు. పుట్టమన్నులో మేకల ఎరువు కలిపి నింపి, నానబోసిన గోధుమలు చల్లుతారు. బుట్టలన్నీ తాండా పెద్ద అయిన నాయక్ ఇంటిముందు మంచె మీద పెట్టి తొమ్మిది రోజులు పూటపూటా నీళ్లు పోస్తారు. ఆ తొమ్మిది రోజులూ పిల్లలకు ఉప్పూ కారం లేని తిండి, పొద్దు గూకితే పాటలు. చివరిరోజు మొలకలు నెత్తిన పెట్టుకుని వాగుకు పోయి నీళ్లలో కలుపుతారు. ఒడ్డున అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల కాళ్లు కడుగుతారు. పెళ్లైన ఆడవాళ్లు చూడవచ్చు, పాడవచ్చు. బుట్టకు మాత్రం వాళ్ల చేయి తగలకూడదు. అది ఆ తాండా కట్టుబాటు.

ఆ ఏడు వానలు ఆలస్యమై నాట్లన్నీ ఒకేసారి మీద పడ్డాయి. అడవికి పోయే తీరిక ఎవరికీ లేదు. నాయక్ మంగీలాల్ భార్య జమ్లి బోరింగు దగ్గర ద్వాలిని పట్టుకుంది.

"మీ బడి పిల్లలు అడవులు పట్టుకొని తిరుగుతరట గదనే. జర పుట్టమన్ను, తీగ తెచ్చియ్యరాదు? ఊకె తిరిగేదానికి పనన్న ఉంటది."

ఆ చివరి మాట గుచ్చుకుంది. అయినా ద్వాలి సంతోషపడింది. ఇన్నేళ్లలో తన పిల్లల చేతి పని కావాలని ఎవరైనా అడగడం అదే మొదలు. మర్నాడే పగిడయ్యకు చెప్పింది. మన్ను దగ్గర మొదలుపెట్టి వాగు దాకా మొత్తం పని గోరితో చేయిద్దాం, ఈ ఏడు గోరి కూడా బుట్ట పెడుతుంది అంది.

"అడిగినవా అక్కా వాళ్లను?"

"అడిగేదేమున్నది? గోరి తాండా పిల్లనే గదా. పెండ్లి గాని పిల్లనే గదా. మన్ను అడిగినోళ్లు పిల్లను వద్దంటరా?"

పగిడయ్య ఆమె వైపు ఒకసారి చూసి, తట్టలు తీయబోయాడు. ఆ చూపులో ఏదో ఉందని ద్వాలికి తోచింది, కాని పట్టించుకోలేదు.

పిల్లలను తీసుకుని అడవికి పోయారు. పాడుబడిన పుట్ట ఒకటి చూసి, పగిడయ్య కర్రతో దాని నెత్తిన తట్టాడు. "లోపల ఎవలన్న ఉన్నరా? ఉంటె ముందే చెప్పుండ్రి. సారుకు పెండ్లాం పిల్లలున్నరు."

"నీకు పెండ్లామేడున్నది సారూ?" అంది ద్వాలి.

"పాముకు తెలుస్తదా?"

పిల్లల్లో నుంచి పుల్లమ్మ పకపకా నవ్వింది. ఆ కోయపిల్ల నవ్విందంటే కళ్లు రెండూ మూసుకుపోతాయి. గోపాలు తవ్వాడు, పుల్లమ్మ మోసింది. జల్లించడం గోరి పని. రాయి, వేరు, గడ్డిపోచ అన్నీ ఏరిపారేసి, జల్లించిందాన్నే మళ్లీ జల్లించి, పిడికెడు తీసి చెంపకు ఆనించుకుని చూసుకుంది. చాలుననిపించలేదేమో, మళ్లీ మొదలుపెట్టింది. తీగతో బుట్టలల్లారు. గోరి బుట్ట ఒక పక్కకు ఒరిగింది. పగిడయ్య చేయి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. ఒరిగితే ఒరగనీ.

నీళ్లు పోయడం నేర్పడానికి నెల పట్టింది. చెంబుతో నీళ్లు తేవాలి, వేళ్ల సందుల్లోంచి కొంచెం కొంచెంగా వదలాలి. మొదట గోరి మొత్తం ఒకేసారి కుమ్మరించేది. ఉప్పు లేని తిండి పెడితే మూతి ముడుచుకుని గోడవైపు తిరిగి కూర్చునేది. అన్నీ అయ్యాయి. నెల తిరిగేసరికి పొద్దు పొడవగానే చెంబు పట్టుకుని నిలబడేది. ఎవరూ పిలవక్కరలేదు.

గోధుమలు చల్లే ముందురోజు గోరి ఇంటి పెరట్లో మన్నంతా ఇంకోసారి జల్లించింది. తీసుకుపోయి ఇస్తే జమ్లి దాన్ని పిడికిట్లో పట్టి చూసి, "అబ్బ, పిండి లెక్కున్నదే!" అంది. నాయక్ కూడా, "మీ బడి అక్కరకొచ్చిందే కోడలా," అన్నాడు. ద్వాలి ఇంటికొచ్చి అత్తకు చెప్పింది. సక్రి లోపలికి పోయి, తన పాత అద్దాల లంగా ఒకటి పెట్టె అడుగు నుంచి తీసి, గోరి నడుముకు సరిపోయేలా కుట్లు విప్పుతూ కూర్చుంది.

*

జల్లెడ గొడవ జరిగిన రోజు సాయంత్రమే గోధుమలు చల్లే ముహూర్తం.

నాయక్ వాకిట్లో పిల్లలు వరుసగా కూర్చున్నారు. ప్రతి ఒడిలో ఒక బుట్ట, ప్రతి బుట్టలో గోరి జల్లించిన మన్ను. గోరి అద్దాల లంగా కట్టుకుని, ఒరిగిన బుట్టను రెండు చేతులా పొట్టకు ఆనించుకుని వచ్చి వరుస చివర కూర్చుంది. ద్వాలి గుండె నిండిపోయింది. రాందాస్ కూడా వచ్చి మగవాళ్ల మధ్య నిలబడ్డాడు.

జమ్లి గోధుమల పళ్లెం పట్టుకుని వరుసగా ఒక్కో పిల్ల ముందూ ఆగుతూ వచ్చింది. గోరి దగ్గర ఆగలేదు. పక్కకు తిరిగి సక్రితో అంది, "ఈ పిల్లనెందుకు తెచ్చినవ్ వదినా? తీస్కపో."

"ఎందుకు?" అంది ద్వాలి.

"ఎందుకేంది? మంచి మొగుడు రావాలెనని పెట్టుకునేది తీజ్. పెండ్లే లేని పిల్లకు తీజేంది? ఈ పిల్ల మొలక పక్కన మా పిల్లల మొలకలు పెట్టాల్నా? రేపు మా పిల్లలకు సంబంధాలు తప్పిపోతె నువ్వు తెస్తవా?"

నాయక్ కొంచెం మెత్తగా అన్నాడు. "గట్ల గాదు కోడలా. దానికేమన్న తెలుస్తదా? తొమ్మిది దినాలు ఉప్పు తినకుండ ఉంటదా? నడుమల ఏమన్న తేడా చేస్తె తాండాకే అరిష్టం."

సక్రి అప్పటికే లేచి గోరి రెక్క పట్టుకుంది. ఆమె ముఖంలో కోపం లేదు. ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలిసిన మనిషి ముఖం అది. అది చూసే ద్వాలికి మతిపోయింది.

"జమ్లి కాకీ, ఆ మన్ను ఎవరు జల్లించిండ్రు? నీ బిడ్డ ఒళ్లున్న బుట్టల మన్ను ఎవరిది? మన్ను పనికొచ్చింది, పిల్ల పనికి రాలేదా?"

"మన్నుకేమైతదే? మన్ను మన్నే."

"అయితె పారబొయ్యి! అందరి బుట్టలల్లది పారబోసి, నాట్లు ఇడిచిపెట్టి, మీరే పోయి తవ్వుకరాండ్రి!"

ఎవరూ కదల్లేదు. ఒకామె ముసిముసిగా నవ్వింది. పిచ్చిబడి పంతులమ్మకు గూడ అంటుకున్నట్టున్నది అని వెనక నుంచి ఒక గొంతు. అంతే. ద్వాలి పళ్లెంలో నుంచి గుప్పెడు గోధుమలు లాక్కుని గోరి బుట్టలో చల్లింది. గోరి చేతుల్లోంచి బుట్ట తీసుకుని, నాలుగు అంగల్లో వెళ్లి మంచె మీద అందరికన్నా ముందు పెట్టింది.

పెట్టి చేయి తీశాక గాని తను చేసిందేమిటో ఆమెకు తెలియలేదు. పెళ్లై, మెడలో పూసలు, చేతులకు గాజులతో ఉన్న ఆడది తీజ్ బుట్టను ఎత్తి మంచె మీద పెట్టింది. అప్పటిదాకా ఏం అనాలో తెలియక తడుముకుంటున్న జమ్లికి పెద్ద గొంతు వచ్చింది.

"చూసిండ్రా? చూసిండ్రా నాయక్! ముట్టింది! నేను మొదాలే చెప్పలేదా, ఆ పిల్ల కాలుపెడితె గిట్లనే అయితదని?"

ముట్టింది ద్వాలి. తప్పు గోరిది అయింది.

పెద్దమనుషులు అక్కడికక్కడే తేల్చారు. మంచె కడగాలి, గోరి బుట్ట తీసేయాలి. ఈ ఇంటి పిల్లకు తీజ్ లేదు, వాగు కాడ ఈ పిల్లకు కాళ్లు కడిగేదీ లేదు. పిచ్చిబడి పిల్లలు ఇంకోసారి తాండా పొలిమేరలోకి రాకూడదు. నాయక్ రాందాస్ వైపు చూశాడు. "ఏమంటవ్ర?"

రాందాస్ ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు. "తప్పైంది నాయక్."

దారి పొడుగునా ద్వాలి అందరికన్నా ముందు నడిచింది. ఇంట్లో అడుగుపెట్టాక అంది. "ఏం తప్పైంది? చెప్పు. ఎవలది తప్పైంది?"

"నీది! తాండాల బతకాల్నా వద్దా? రేపు నాకు కష్టమొస్తె వీళ్లే గదా రావాలె. స్తంభం మీదికెల్లి పడితె మోసేటోళ్లు వీళ్లే గదా!"

"నీ చెల్లె ముంగట, నీ చెల్లె జల్లించిన మన్ను ముంగట చేతులు జోడించినవ్. సిగ్గు గాలేదా?"

"సిగ్గు పోయింది నీ వల్లనే," అని అతను బయటికి వెళ్లిపోయాడు. గొంతులు లేస్తే చేయి కొరుక్కునే గోరి, ఈసారి ఈ గోలంతా వదిలేసి మూల కూర్చుంది. నాయక్ వాకిట్లో కంచె పక్కన పడేసిన బుట్టను వచ్చేటప్పుడు తనే తెచ్చుకుంది. దాన్ని మంచం కిందికి నెట్టి, చీకట్లోకి వంగి చూస్తోంది.

*

తెల్లారి ద్వాలి స్నానం చేస్తుండగా అరుపు వినిపించింది. అది ఎవరి అరుపో ఆమెకు వేరే చెప్పనక్కరలేదు. తడిబట్టలతోనే పరుగెత్తింది.

నెల రోజులుగా నేర్పినట్టే, పొద్దు పొడవగానే గోరి చెంబు నింపుకుంది. నేర్పినట్టే నాయక్ వాకిటికి వెళ్లింది. తన బుట్ట అక్కడ లేకపోయినా, బుట్టలుండే చోటు అదే కాబట్టి, మొదటి బుట్ట మీద వేళ్ల సందుల్లోంచి నీళ్లు వదలబోయింది. జమ్లి చీపురు తిరగేసింది. ద్వాలి వెళ్లేసరికి చెంబు సొట్టపడి దూరంగా ఉంది. గోరి కింద కూర్చుని మణికట్టు నోట్లో పెట్టుకుని ఉంది, గడ్డం మీదుగా రక్తం కారుతోంది. చుట్టూ నిలబడిన ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు దాక్కుంటున్నారు. నిన్నటి దాకా వాళ్లు గోరితో బోరింగు దగ్గర నీళ్లు చల్లుకుని ఆడినవాళ్లే.

రాందాస్ వచ్చి చెల్లెలిని ఎత్తుకుని ఇంటికి తెచ్చాడు. సక్రి రక్తం తుడిచి పసుపు పెట్టింది. పొయ్యి దగ్గర నుంచి రొట్టె, కారం తెచ్చి తినిపించబోతే, గోరి కారం పక్కకు నెట్టి వట్టి రొట్టె మాత్రం తీసుకుంది. అది చూసి సక్రి పళ్లెం కింద పెట్టేసింది. లేచి, లోపలి నుంచి పాత చీరముక్క పట్టుకొచ్చింది. గోరి కాలికి చుట్టి మంచం కోడుకు ముడి వేయసాగింది.

"అత్తా!"

"తొమ్మిది దినాలే. లేకపోతె మల్ల పోతది. మల్ల కొడతరు. నేను కట్టేస్తె కొట్టరు గదా."

ద్వాలి వంగి ముడి విప్పింది. బిగుసుకున్నదాన్ని పళ్లతో లాగి విప్పింది. సక్రి అడ్డుపడలేదు. ద్వాలి గోరి చేయి పట్టుకుని, జడ కూడా వేసుకోకుండా బడికి బయలుదేరింది. ఆ రోజు కండక్టరు ఏమని కేకేశాడో ఆమెకు వినపడనే లేదు. సరిగ్గా బడి ఎదురుగానే దిగింది.

పగిడయ్య అంతా విన్నాడు. గోరి మణికట్టు చూశాడు. ఓదారుస్తాడనుకుంది ద్వాలి. అతని ముఖం ఎర్రబడింది.

"బుట్ట నువ్వెందుకు పెట్టినవ్ అక్కా?"

"ఎవలూ పెట్టనియ్యకపోతె ఏం చెయ్యమంటవ్?"

"గోరి చేతనే పెట్టిస్తె ఏం చేసేటోళ్లు? తోసేటోళ్లు. తోస్తె తప్పు వాళ్లదయ్యేది. సాకు దొరక్క కొట్టుకుంటున్నోళ్లకు నువ్వే తీసుకపోయి చేతుల పెట్టినవ్."

"నువ్వు గూడ వాళ్ల దిక్కేనా?"

"నేను గోరి దిక్కు. నిన్న సాయంత్రం నువ్వెవలి దిక్కున్నవో నువ్వే చూసుకో. నెల దినాల నుంచి ఆ పిల్లకేం చెప్పినం? నీ పని నువ్వు చెయ్యి, ఎవ్వలూ చేయి పెట్టరు అని. బుట్ట ఒరిగితె నేను ముట్టుకోలేదు. ఆఖరుకు గోధుమలు చల్లింది నువ్వు, బుట్ట ఎత్తింది నువ్వు. ఆ పిల్ల చేతులకెల్లి గుంజుకున్నవ్. జమ్లి గుంజుకున్నా గంతే గదా?"

ద్వాలికి చెంప మీద కొట్టినట్టయింది. తల తిప్పి బయటికి చూసింది. షెడ్డు బయట పుల్లమ్మ గోరి పక్కన కూర్చుని, కట్టు కట్టిన మణికట్టును తన పొట్టి వేళ్లతో మెల్లగా తడుముతోంది. గోరి వద్దనలేదు.

ఆ వేళ్లనే చూస్తూ ద్వాలి అంది. "బుట్ట ఇంట్లనే ఉన్నది. మంచం కింద. గోధుమలు నాని ఉన్నయి, మొలకెత్తుతయి."

"ఎత్తుతయి. వాటికి పంచాయితీ తెల్వదు గదా."

"ఇక్కడికి తెప్పిస్త. గోరితోనే తెప్పిస్త. పుల్లమ్మ గూడ బుట్ట పెడతదంటె పెట్టనీ. నేను ముట్టను." ఆగి, అతని ముఖం చూడకుండా అడిగింది. "వాగు కాడికి రాందాస్ రాకపోతె, అన్న లెక్క నువ్వు నిలబడతవా?"

పగిడయ్య తల గోక్కున్నాడు. "కోయోడు లంబాడోళ్ల పిల్ల కాళ్లు కడిగితె రెండు దిక్కుల పంచాయితీ అయితది అక్కా. మీ నాయక్ నన్ను తంతడు. మా గూడెం పటేల్ మిగిలింది తంతడు."

"భయమైతె చెప్పు."

"భయమే. వస్త."

*

ఆ సాయంత్రం దీపం పెట్టే వేళకే సక్రి అందరినీ తిండికి పిలిచింది. నలుగురూ పొయ్యి చుట్టూ కూర్చున్నారు. జొన్నరొట్టెలు, తోటకూర. గోరికి వట్టి రొట్టె, కాసిని పాలు. తలా రెండు రొట్టెలు అయ్యాయి.

రాందాస్ పళ్లెం మీద నుంచి తలెత్తకుండా అన్నాడు. "నాయక్ పిలిచిండు. పోయి మాట్లాడొచ్చిన. రేపటి నుంచి గోరి బడికి పోదు. ఇంట్లనే ఉంటది. మాటిచ్చిన. ఇక ఆ ముచ్చట ఇడిచిపెట్టుండ్రి."

సక్రి రొట్టె తిప్పుతున్న చేయి ఆగింది. ద్వాలి నోట్లో ముద్ద మింగింది. నీళ్లు తాగింది. ఆమెకు కోపం తగ్గలేదు. నిన్నటి దానికన్నా ఎక్కువే ఉంది. కాని నిన్నటిలాగా చేతుల్లోకి రాలేదు.

"గోరి బడికి పోతది," అంది. "బుట్ట గూడ పోతది. పొద్దుగాల గోరే ఎత్తుకపోతది. బడి కాడ మంచె కడుతున్నం. మా బడి పిల్లలే నీళ్లు పోస్తరు. నా చేయి పడదు, అత్త చేయి పడదు. తాండా కట్టుబాటుల ఒక్కటి గూడ తప్పం. తొమ్మిదోనాడు తాండా పిల్లలు వాగుకు పోయేటప్పుడే మా పిల్లలు గూడ పోతరు. అదే బాట, అదే రేవు. బాట సర్కారుది, వాగు దేవునిది. ఎవడడ్డమొస్తడో రానీ."

"నీకు పిచ్చి లేసిందా? నేను మాటిచ్చిన!"

"నువ్విచ్చిన మాట నీది. గోరిది గాదు."

"యాడీ, నువ్వన్న చెప్పు దీనికి!"

సక్రి పొయ్యిలోకి చూస్తూ కూర్చుంది. రొట్టె మాడిన వాసన వచ్చింది. దాన్ని తీసి పక్కన పెట్టి, కోడలి వైపు తిరక్కుండానే అంది. "బస్సుల తీసుకపోతె ఎండ తగులుతది. మొలకలు పచ్చబడితె మంచిది గాదు, పసుపు రంగే ఉండాలె. తడిబట్ట కప్పుకొమ్మని పిల్లకు చెప్పు."

రాందాస్ తల్లి వైపూ, భార్య వైపూ మార్చి మార్చి చూశాడు. "తల్లీ కోడండ్లు ఒక్కటయిండ్రా? సరే. పోండ్రి. వాగు కాడ కాళ్లెవలు కడుగుతరు? నేను రాను. నాయక్ ముంగట నేను రాను."

"రాకు. పగిడయ్య కడుగుతడు."

"ఎవలు? ఆ కోయోడా? నా చెల్లె కాళ్లు?"

"అవ్. ఆయన ఒప్పుకుండు," అంది ద్వాలి, గోరి పళ్లెంలో ఇంకో వట్టి రొట్టె వేస్తూ. "భయపడుకుంటనే ఒప్పుకుండు. ఇంకెనిమిది దినాలున్నయి. నువ్వొస్తె ఆయన పక్కకు జరుగుతడు. రాకపోతె జరగడు."